అరవై మంది క్లాసులో పీర్ ఇన్‌స్ట్రక్షన్: ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టడం ఎలా?

ఆర్టీసీ బస్సు, ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. గుద్దుకున్న క్షణంలో ఎవరు ఎవరి మీద ఎక్కువ బలం చూపించారు? బస్సా, ఆటోనా, ఇద్దరూ సమానమేనా? బీటెక్ ఫస్టియర్‌లోనో, బీఎస్సీ ఫిజిక్స్ క్లాసులోనో ఈ ప్రశ్న వేసి చూడండి. న్యూటన్ మూడో నియమాన్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగల పిల్లలే చాలామంది ‘బస్సే’ అంటారు. రెండు బలాలూ సమానం. నుజ్జయింది ఆటోనే కాబట్టి దాని మీద పడిన బలమే ఎక్కువ అనిపిస్తుంది. తేడా బలంలో లేదు, బరువులో ఉంది.

నియమం వచ్చు, ప్రశ్న మాత్రం రాలేదు. పాఠం ఇంకాస్త గట్టిగా చెప్పినా, ఇంకో పీపీటీ వేసినా ఈ సందు పూడదు. దాన్ని పూడ్చడానికి ఉన్న పద్ధతుల్లో మన కాలేజీలకు అన్నిటికంటే చవకగా సరిపోయేది పీర్ ఇన్‌స్ట్రక్షన్, అంటే ప్రశ్న వేసి, విద్యార్థులు ఒకరికొకరు వివరించుకునేలా చేసే పద్ధతి అని నా అభిప్రాయం. స్మార్ట్ బోర్డు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, టైమ్‌టేబుల్ మార్చక్కర్లేదు. కావలసిందల్లా మంచి ప్రశ్నలు, క్లాసులో కాస్త గోల భరించే ఓపిక. డిగ్రీ, ఇంజినీరింగ్, పీజీ పాఠాలు చెప్పేవాళ్లు వచ్చే యూనిట్ నుంచే దీన్ని ఎలా మొదలుపెట్టవచ్చో చూద్దాం.

ఇది ఎక్కడ పుట్టింది?

ఎరిక్ మజూర్ హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. 1984 నుంచి అక్కడ పాఠాలు చెబుతూ విద్యార్థుల దగ్గర మంచి మార్కులే కొట్టేశారు. తర్వాత అరిజోనాలో ఇబ్రహీం హలూన్, డేవిడ్ హెస్టెనిస్ 1985లో ప్రచురించిన పరిశోధన ఆయన కంటపడింది. సెమిస్టర్ అంతా మెకానిక్స్ చదివాక కూడా బలం, చలనం గురించి విద్యార్థుల పాత ఊహలు పెద్దగా మారడం లేదని దాని సారాంశం. మా పిల్లలు అలా కాదులే అనుకుని ఆయన ఆ పరిశోధనలో వాడిన పరీక్షే పెట్టారు. ఒక విద్యార్థిని లేచి, దీనికి మీరు చెప్పినట్టు రాయాలా, నాకు అనిపించినట్టు రాయాలా అని అడిగిందట. ఆ అడిగిన తీరులోనే ఫలితం తెలిసిపోయింది.

తర్వాత ఒక ప్రశ్నను బోర్డు మీద రెండు రకాలుగా వివరించినా ఎవరికీ ఎక్కకపోతే, ఏం చేయాలో తోచక ‘మీ పక్కవాళ్లతో మాట్లాడుకోండి’ అన్నారు. హాలంతా గోల. రెండు నిమిషాల్లో చాలామందికి విషయం అర్థమైపోయింది. నిన్ననో ఇవాళో అర్థం చేసుకున్న పిల్లకు ఎక్కడ చిక్కుపడిందో గుర్తుంటుంది. ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న మనకు ఆ చిక్కు కనబడటం మానేసి చాలాకాలమైంది. 1991 నుంచి ఆయన దీన్నే తన బోధనా పద్ధతిగా మార్చుకున్నారు.

మొదటి మెట్టు: ఒకే యూనిట్

ఐదు యూనిట్ల సిలబస్ మొత్తాన్ని ఒకేసారి మార్చాలని చూడకండి. ఏటా పిల్లలు బట్టీ కొట్టి గట్టెక్కే యూనిట్ ఒకటి ప్రతి సబ్జెక్టులోనూ ఉంటుంది. దాన్నే తీసుకోండి. అందులో, ఇది అర్థం కాకపోతే మిగతాదంతా గాల్లో మేడే అనిపించే అంశాలు నాలుగో ఐదో రాసుకోండి. అంతే, అంతకుమించి వద్దు.

రెండో మెట్టు: ప్రశ్నలు

పనంతా ఇక్కడే ఉంది. ఈ పద్ధతి మొదలుపెట్టి వదిలేసినవాళ్లు ఎక్కువమంది ఇక్కడ తొందరపడినవాళ్లే. బిట్ బ్యాంకుల్లో దొరికే ప్రశ్నలు దీనికి పనికిరావు. ‘మధ్యగతం అనగా?’ అని అడిగితే వచ్చినవాడికి వస్తుంది, రానివాడికి రాదు, వాళ్లిద్దరూ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. ఫార్ములాలో అంకెలు వేస్తే తేలిపోయే ప్రశ్నలూ అంతే. వాదించుకోవడానికి చోటున్న ప్రశ్న కావాలి. కొన్ని నమూనాలు చూడండి.

కామర్స్: ఒక సంస్థ మార్చి 31న తన యంత్రం మీద 50,000 రూపాయల డిప్రిసియేషన్‌ను (వాడకం వల్ల తగ్గిన విలువను) పుస్తకాల్లో రాసింది. ఈ ఎంట్రీ వల్ల బ్యాంకు నిల్వ ఏమవుతుంది? ఎ) 50,000 తగ్గుతుంది. బి) ఆ సొమ్ము కొత్త యంత్రం కోసం పక్కన పెడతారు కాబట్టి విడి ఖాతాలోకి వెళుతుంది. సి) ఏమీ మారదు. డి) యంత్రం అమ్మేదాకా చెప్పలేం. జవాబు సి. లాభం తగ్గుతుందే కానీ, రూపాయి కూడా బ్యాంకు దాటదు. ‘ఖర్చు అంటే డబ్బు బయటికి పోవడమే కదా’ అనే నమ్మకాన్ని ఈ ప్రశ్న నేరుగా పట్టుకుంటుంది.

బోటనీ: పెద్ద వేపచెట్టు కొట్టి ఎండబెట్టారు. ఆ ఎండుకట్టె బరువులో ఎక్కువ భాగం మొదట ఎక్కడి నుంచి వచ్చింది? మట్టి, నీళ్లు, గాలి, ఎండ. జవాబు గాలి, అంటే అందులోని కార్బన్ డయాక్సైడ్. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తప్పు లేకుండా రాసినవాళ్లు కూడా ఇక్కడ ‘మట్టి’ అంటారు.

కెమిస్ట్రీ: నీళ్లు బాగా మరుగుతున్నప్పుడు అడుగు నుంచి లేచే పెద్ద బుడగల్లో ఏముంటుంది? గాలి, హైడ్రోజన్ ఆక్సిజన్‌ల మిశ్రమం, నీటి ఆవిరి, ఏమీ ఉండదు. జవాబు నీటి ఆవిరి.

ప్రోగ్రామింగ్: సి లాంగ్వేజ్‌లో రెండు ఇంటీజర్లను పాయింటర్లు లేకుండా మామూలుగానే ఒక ఫంక్షన్‌కి పంపి, లోపల వాటి విలువలు తారుమారు చేశాం. మెయిన్‌లోకి తిరిగొచ్చాక అవి ఎలా ఉంటాయి? మారవు, ఎందుకంటే ఫంక్షన్‌కి వెళ్లినవి నకళ్లు మాత్రమే.

తప్పు ఆప్షన్లు ఊహించి రాయకండి. అవి విద్యార్థుల నుంచే రావాలి. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లినప్పుడు ఒక చిన్న పుస్తకం వెంట పెట్టుకోండి. ఒకే తప్పు పదుల పేపర్లలో కనిపిస్తుంది. మార్కులు కోసేసి పక్కన పెట్టే ఆ వాక్యమే రేపటి ప్రశ్నలో మంచి ఆప్షన్. పేపర్లు దిద్దే పనికి ఇంతకంటే పెద్ద లాభం నాకు కనబడలేదు. మిడ్ పేపర్లు, వైవాలో పిల్లలు తడబడే జవాబులు కూడా ఇలాంటి గనులే. ‘పైవన్నీ’, ‘పైవేవీ కావు’ అనే ఆప్షన్లు పెట్టకండి. వాటితో ఆలోచన కంటే జూదం ఎక్కువ జరుగుతుంది.

ప్రశ్న తయారయ్యాక సహోద్యోగి ఒకరికి చూపించండి. పదాల్లో రెండర్థాలు వస్తున్నాయేమో వాళ్లకే ముందు కనిపిస్తుంది. యూనిట్‌కి పది ప్రశ్నలు సిద్ధం చేసుకుంటే ఆరు పనికొస్తాయి.

మూడో మెట్టు: ఓటు వేయించడం

అందరూ ఒకేసారి, ఒకరిది ఒకరికి కనబడకుండా జవాబు చెప్పాలి. ఇది కుదరకపోతే క్లాస్ టాపర్ చెయ్యి ఎటు లేస్తే మిగతా చేతులన్నీ అటే లేస్తాయి.

అన్నిటికంటే సులువు వేళ్లు. ఎ అంటే ఒకటి, బి అంటే రెండు. మూడు లెక్కపెట్టగానే అందరూ వేళ్లను గుండెకు ఆనించి చూపించాలి, చెయ్యి పైకెత్తకూడదు. ఇంకాస్త పద్ధతిగా కావాలంటే ఒక ఏ ఫోర్ కాగితాన్ని రెండుసార్లు మడిచి నాలుగు గళ్లలో నాలుగు అక్షరాలు పెద్దగా రాయించండి. కావలసిన అక్షరం మీకు కనబడేలా పట్టుకుంటారు. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది. ప్రతి విద్యార్థికి ఒక ముద్రిత కార్డు ఇస్తాం. దాన్ని తిప్పి పట్టుకునే దిక్కును బట్టి జవాబు మారుతుంది. మీ ఫోన్ కెమెరా క్లాసును ఒకసారి చుట్టి చూస్తే లెక్క వచ్చేస్తుంది. విద్యార్థుల దగ్గర ఫోన్లు అక్కర్లేదు కాబట్టి క్యాంపస్‌లో మొబైల్ నిషేధం ఉన్నచోట బాగా పనికొస్తుంది. ఫోన్లు అనుమతించే చోట గూగుల్ ఫామ్ కూడా సరే. కాకపోతే నెట్‌వర్క్ అందని క్లాస్‌రూమ్‌లో దాన్ని నమ్ముకుంటే సగం పీరియడ్ ‘సార్, లోడ్ అవట్లేదు’తోనే పోతుంది.

లెక్క కచ్చితంగా ఉండనక్కర్లేదు. సరైన జవాబు చెప్పినవాళ్లు క్లాసులో మూడో వంతు కంటే తక్కువా, మధ్యస్థమా, చాలా ఎక్కువా అన్నది కంటిచూపుతో తెలిస్తే చాలు.

నాలుగో మెట్టు: పీరియడ్ నడపడం

యాభై నిమిషాల పీరియడ్‌లో ఇలాంటి ప్రశ్నలు రెండు, మహా అయితే మూడు పడతాయి. ఒక్కో ప్రశ్న చుట్టూ జరిగేది ఇదీ.

ముందు ఏడెనిమిది నిమిషాలు అంశాన్ని మామూలుగానే వివరించండి. తర్వాత ప్రశ్న బోర్డు మీదికెక్కుతుంది. ఒకటి రెండు నిమిషాలు పూర్తి నిశ్శబ్దం. ఎవరి జవాబు వాళ్లు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఈ రాయించడం దాటేయకండి. రాసుకోనివాళ్లు తర్వాత పక్కవాడు ఏది చెబితే అదే తన జవాబు అనుకుంటారు. అప్పుడు మొదటి ఓటు.

ఓటు చూశాక మీ ముఖంలో ఏమీ తెలియనివ్వకండి. ఎన్ని ఓట్లు దేనికి పడ్డాయో కూడా అప్పుడే చెప్పొద్దు. మెజారిటీ ఎటుందో తెలిస్తే చర్చ ఆగిపోతుంది, అందరూ అటు జారిపోతారు. ఇప్పుడు దారి మూడుగా చీలుతుంది.

సరైన జవాబు 30 శాతం లోపే ఉంటే చర్చ పెట్టకండి. తెలియనివాళ్లే ఎక్కువ కాబట్టి తప్పే బలపడే ప్రమాదం ఉంది. చిన్న సూచన ఇచ్చి, ఆ భాగం మరో ఉదాహరణతో చెప్పి, మళ్లీ ఓటు వేయించండి. 70 శాతం దాటితే ఒక్క నిమిషంలో వివరించి ముందుకు కదలండి. 30కీ 70కీ మధ్య ఉంటేనే అసలు చర్చ. మీ ప్రశ్నలు ఎక్కువగా ఈ మధ్యలో పడుతున్నాయంటే వాటిని బాగా రాసినట్టు.

చర్చకు మీరిచ్చే సూచన ఒక్క వాక్యంలో ఉండాలి: ‘మీకంటే వేరే జవాబు రాసినవాళ్లని వెతుక్కుని, కారణం చెప్పి ఒప్పించండి.’ బెంచీలు కదలవు కాబట్టి ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగితే నలుగురైదుగురి గుంపు తయారవుతుంది. అమ్మాయిలు ఒకవైపు, అబ్బాయిలు ఒకవైపు కూర్చునే క్లాసుల్లో వాళ్లని బలవంతంగా కలపాలని చూస్తే మాటలు రావడం మానేసి ఇబ్బందే మిగులుతుంది. ముందువెనకల పద్ధతి చాలు. సమయం రెండు మూడు నిమిషాలు, అంతకంటే ఇస్తే మాటలు సినిమాల మీదికి వెళతాయి.

ఆ రెండు మూడు నిమిషాలూ మీరు పోడియం దగ్గర నిలబడకండి. లాస్ట్ బెంచీల దాకా నడవండి. వినండి, జవాబు మాత్రం చెప్పకండి. ‘బస్సు పెద్దది కదరా, అందుకే’ అన్న మాట చెవిన పడిందంటే, తర్వాతి వివరణ ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోయినట్టే.

తర్వాత రెండో ఓటు. అప్పుడు చర్చ మీ చేతిలోకి తీసుకోండి. ‘ఎ అన్నది ఎవరు?’ అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ‘ఎ అనిపించడానికి కారణం ఏమై ఉంటుంది? ఎవరైనా దాని తరఫున వాదించండి’ అంటే చెయ్యి లేస్తుంది, ఎందుకంటే తప్పు తనది కాదు, ఆప్షన్‌ది అయిపోయింది. చివర్లో సరైన జవాబు ఎందుకు సరైనదో చెప్పి ఊరుకోకుండా, ఒక్కో తప్పు జవాబు ఎక్కడ బెడిసిందో చెప్పండి.

తెలివైనవాడు చెబితే మిగతావాళ్లు కాపీ కొడతారు, అంతే కదా అన్న అనుమానం సహజం. కొలరాడో యూనివర్సిటీ జెనెటిక్స్ క్లాసుల్లో దీన్నే పరీక్షించి 2009లో ప్రచురించారు. చర్చ అయ్యాక, అదే సూత్రం మీద వేరే రూపంలో ఇంకో ప్రశ్న వేసి ఎవరి జవాబు వాళ్లనే ఇమ్మన్నారు. అందులోనూ మెరుగుదల కనిపించింది. గుంపులో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియనప్పుడు కూడా చర్చ వల్ల లాభం జరిగిందని వాళ్లు తేల్చారు. మీరూ అప్పుడప్పుడు ఇలాంటి జంట ప్రశ్న వేసి చూడండి.

రెండో ఓటులో సరైన జవాబు ఇంకా తగ్గితే కంగారు పడొద్దు. చాలాసార్లు తప్పు ప్రశ్నలోనే ఉంటుంది. ఏ పదాన్ని ఎలా అర్థం చేసుకున్నారో అడిగి, రాత్రికి ప్రశ్న తిరగరాయండి.

ఇంకొక్క మాట. పక్క క్లాసు మేడమ్‌కీ, హెచ్‌ఓడీకీ ముందే చెప్పి ఉంచండి. మొదటి రోజు గోల వినగానే ‘క్లాసులో ఎవరూ లేరా?’ అని తలుపు దగ్గర ఎవరో ప్రత్యక్షమవుతారు.

తెలుగులో మాట్లాడనివ్వండి

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులు ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. ఇంజినీరింగ్ సంగతి సరేసరి, అది ముందు నుంచీ అంతే. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు పాఠం ఇంగ్లిష్‌లో వినబడుతుంది, ఆలోచన మాత్రం తెలుగులో నడుస్తుంది. చర్చ కూడా ఇంగ్లిష్‌లోనే జరగాలన్నారో, ఇంగ్లిష్ బాగా వచ్చిన నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు తలాడిస్తారు. ఈ పద్ధతి మొత్తానికి అదొక్కటి చాలు చెడగొట్టడానికి.

కాబట్టి ఆ రెండు మూడు నిమిషాలూ తెలుగు, ఉర్దూ, ఎవరికి ఏ భాష వస్తే అది. సాంకేతిక పదాలు ఇంగ్లిష్‌లోనే దొర్లుతాయి, దొర్లనివ్వండి. రెండో ఓటు అయ్యాక మాత్రం ఒక పని చేయించండి. తేలిన కారణాన్ని పరీక్ష రాసే భాషలో ఒక్క వాక్యంగా నోట్‌బుక్‌లో రాయమనండి. ఇద్దరు ముగ్గురి చేత చదివించి, వాక్యం కుదరకపోతే బోర్డు మీద సరిచేయండి. ఇంగ్లిష్ మీడియం కోర్సుల్లోనూ విద్యార్థులను స్థానిక భాషలో పరీక్ష రాయనివ్వమని 2023 ఏప్రిల్‌లో యూజీసీ యూనివర్సిటీలను కోరింది. మీ యూనివర్సిటీ దాన్ని అమలు చేస్తుంటే ఆ వాక్యం తెలుగులోనే రాయించవచ్చు.

మార్కుల సంగతి

సరైన ఓటుకు మార్కులు పెట్టకండి. పెట్టారంటే చర్చ ఆగిపోయి, బాగా చదివేవాడి జవాబు కోసం ఎదురుచూపు మొదలవుతుంది. పాల్గొన్నందుకు ఇంటర్నల్స్‌లో ఒకటి రెండు మార్కులు ఇవ్వగలిగితే సరిపోతుంది. అసలు పట్టు మిడ్‌లో ఉంది. క్లాసులో వేసిన తరహా ప్రశ్న మిడ్ పేపర్లో కనీసం ఒకటైనా రాకపోతే, మూడో వారానికల్లా ఇది టైంపాస్ వ్యవహారమని పిల్లలు తేల్చేస్తారు. వాళ్ల లెక్క తప్పు కూడా కాదు.

ముందు చదివి రమ్మనడం

మజూర్ తన విద్యార్థులను పాఠ్యభాగం ముందే చదివి రమ్మంటారు. మనం దీన్ని మొదటి యూనిట్‌లో పెట్టుకోకపోవడమే మంచిది. రోజుకు రెండు మూడు గంటలు బస్సులో గడిపే డేస్కాలర్ల మీద ఒకేసారి రెండు కొత్త అలవాట్లు రుద్దినట్టవుతుంది. రెండో యూనిట్ నుంచి రెండు పేజీలో, ఒక ఎన్‌పీటెల్ (ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు) వీడియోలో ఫలానా నిమిషం నుంచి ఫలానా నిమిషం వరకో ఇవ్వండి. వీడియో మొత్తం లింకు పడేస్తే ఎవరూ చూడరు. క్లాసు ముందురోజు వాట్సాప్ గ్రూపులో ‘ఇందులో మీకు మింగుడు పడనిది ఏది?’ అని ఒక్క ప్రశ్న పెట్టండి. పది జవాబులొచ్చినా మర్నాటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.

‘సిలబస్ ఎప్పుడవుతుంది?’

ఈ టెన్షన్ నిజమైనదే. క్లాసులో ఏదో ఒకటి తగ్గించాలి. నా ఓటు డిక్టేషన్‌కి. నోట్స్ ముందే జిరాక్స్ ఇచ్చేయండి లేదా పీడీఎఫ్ పంపండి. పొడవాటి డెరివేషన్లలో మొదటి మెట్టు, మలుపు తిరిగే మెట్టు బోర్డు మీద చేసి మిగతాది అసైన్‌మెంట్‌గా ఇవ్వండి. ఒక యూనిట్‌కి ఆరు ప్రశ్నలంటే మీరు ఖర్చు పెట్టేది రెండు పీరియడ్ల లోపే. అవి డిక్టేషన్ ఆపితే దొరుకుతాయి.

విద్యార్థుల నుంచి కూడా అభ్యంతరం వస్తుంది. ‘సార్ పాఠం చెప్పట్లేదు, మమ్మల్నే మాట్లాడుకోమంటున్నారు’ అని ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో రాస్తారు. హార్వర్డ్‌లోనే ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇది స్పష్టంగా కనిపించింది. చురుగ్గా పాల్గొనే క్లాసులో కూర్చున్నవాళ్లు పరీక్షలో ఎక్కువ రాశారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. ధారాళంగా సాగే ఉపన్యాసం వింటుంటే అంతా అర్థమైనట్టు ఉంటుంది. తడబడుతూ ఆలోచిస్తే ఏమీ రానట్టు ఉంటుంది. ఈ సంగతి మొదటి రోజే క్లాసుకు విడమరిచి చెప్పండి. ఫీడ్‌బ్యాక్ పడిపోయాక చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది.

పని చేసిందా లేదా

యూనిట్ మొదలుపెట్టే ముందు భావనల మీద పది ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టి, జవాబులు చెప్పకుండా పేపర్లు వెనక్కి తీసుకోండి. యూనిట్ అయ్యాక మళ్లీ అదే పరీక్ష. సగటు ఎంత పెరిగిందో దాన్ని, అసలు పెరగడానికి ఎంత అవకాశం ఉందో దానితో భాగించండి. మొదట 30 శాతం వచ్చి తర్వాత 65 వచ్చిందనుకుందాం. పెరిగింది 35, పెరగడానికి అవకాశం 70. అంటే లాభం 0.5.

ఈ అంకెను పోల్చుకోవడానికి ఒక కొలబద్ద ఉంది. రిచర్డ్ హేక్ 1998లో 62 ఫిజిక్స్ కోర్సుల్లోని 6,542 మంది విద్యార్థుల ఫలితాలను ఇలాగే లెక్కగట్టారు. మామూలు ఉపన్యాస క్లాసుల్లో సగటు లాభం 0.23, విద్యార్థులు పాల్గొనే క్లాసుల్లో 0.48. అవి మెకానిక్స్ పరీక్షలు కాబట్టి మీ సబ్జెక్టుకు అచ్చంగా వర్తించకపోవచ్చు, అంచనాకు మాత్రం పనికొస్తాయి. సైన్స్, ఇంజినీరింగ్, గణితాల్లో 225 అధ్యయనాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో, ఉపన్యాస క్లాసుల్లో తప్పినవాళ్లు సగటున 33.8 శాతం ఉంటే, పాల్గొనే క్లాసుల్లో 21.8 శాతమే ఉన్నారు. బ్యాక్‌లాగ్‌ల లెక్క చూసే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ రెండు అంకెలూ జేబులో ఉండటం మంచిది.

ప్రతి ప్రశ్నకూ ఒక వరుస రాసి పెట్టుకోండి: తేదీ, ప్రశ్న, మొదటి ఓటు, రెండో ఓటు, చర్చలో మీ చెవిన పడిన ఒక మాట. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే నాక్ వాళ్లు వచ్చినప్పుడు విద్యార్థి కేంద్రిత బోధనకు ఆధారాలు చూపమంటారు. రాత్రికి రాత్రి ఫొటోలు తీయించే బాధ తప్పి, ఇదే కోర్స్ ఫైల్లో చేరుతుంది. సెమిస్టర్ అయ్యాక ఆ కాగితం చూసి, మొదటి ఓటులోనే అందరూ సరిగ్గా చెప్పిన ప్రశ్నలు తీసేయండి. రెండో ఓటులో కూడా సగం దాటనివి పారేయొద్దు. వచ్చే ఏడాది లెసన్ ప్లాన్‌లో ఆ టాపిక్‌కి ఇంకో పీరియడ్ అడగండి. ఎందుకంటే అని హెచ్‌ఓడీ అడిగితే ఆ వరుసలే చూపించవచ్చు.